గోదాట్లో కలిపిన కార్డు

ఇది రాయమని నన్నెవరూ బలవంతపెట్టలేదు. మా కాలనీ దవాఖానాలో నర్సుగా పనిచేసే జానకి మాత్రం ఒకసారి, "నోటితో చెప్పబోతే ఏడుస్తవు గదా అక్కా, కాయితం మీద పెట్టు" అంది. నాలుగేళ్ళు వాయిదా వేసి, ఇప్పుడు 1996లో కూర్చున్నాను. ఒంట్లో బాగానే ఉంది. రొమ్ములో గడ్డ తగిలితే సిగ్గుపడి దాచుకోవద్దనీ, ఒంట్లో ఏదైనా పెట్టించుకుంటే దాని కాగితం పారేయొద్దనీ నాలాంటి ఆడవాళ్ళకు చెప్పడం ఒక కారణం. రెండో కారణం మా అత్తమ్మ. ఆమె సంగతి ఎక్కడా రాసి లేదు.

1984, ఎండాకాలం

మేముండేది మణుగూరులో. మా ఆయన బొగ్గు గనిలో ఎలక్ట్రికల్ సూపర్‌వైజరు. అత్తగారిది బూర్గంపాడు దగ్గర గోదారి ఒడ్డు ఊరు, మిర్చీ పొగాకూ పండించే కుటుంబం. మామగారు పోయాక అత్తమ్మ కొన్నాళ్ళు పొలం దగ్గర, కొన్నాళ్ళు మా క్వార్టర్లో ఉండేది. నేను మధిర వైపు పిల్లను. నేను "ఏమిటి" అంటే చాలు, "ఏంది అనరాదా, నోరు నొస్తదా?" అని అత్తమ్మ పదేళ్ళుగా నన్ను ఆటపట్టిస్తూనే ఉంది.

అప్పటికి నాకు ముప్పై రెండేళ్ళు. స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో చింతగింజంత గట్టిగా చేతికి తగిలింది. నొప్పి లేదు. నొప్పి లేనిది జబ్బెలా అవుతుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అసలు సంగతి సిగ్గు. కాలనీ డాక్టరు మగాయన, పైగా మా ఆయనతో కలిసి క్లబ్బులో పేకాడతాడు. ఆయన ముందు జాకెట్టు విప్పడం కన్నా చావడం నయమనుకున్నాను. అలా మూడు నెలలు, ఆ పక్కకు ఏదీ తగలకుండా చెయ్యి దగ్గరికి ముడుచుకుని దాచాను. మా పాపకు జ్వరమొచ్చి సూది వేయించడానికి తీసుకెళ్ళినప్పుడు జానకి కనిపెట్టింది.

"ఏంది సుశీలక్కా, పిల్లను ఎత్తుకుంటుంటే ఆ చెయ్యి లేపుతలేవు?" అని అడిగింది. జానకిది టేకులపల్లి అవతల అడవిలో గూడెం. చదువుకుని నర్సు ఉద్యోగం తెచ్చుకున్న పిల్ల. నన్ను తెర వెనక్కి తీసుకుపోయి తనే తడిమి చూసింది. చేతులు కడుక్కుని వచ్చి, "రేపే హైదరాబాద్ పోవాలె. అన్నకు నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?" అంది.

హైదరాబాదులో ఆ పెద్ద దవాఖానా వరండాలో బెంచీ మీద కూర్చున్న రోజులు ఇప్పటికీ కలలోకి వస్తాయి. అందరి చేతుల్లో చీటీలే, కానీ ఎవరూ ఒకరి ముఖం ఒకరు చూడరు. ఎవరికి ఏం చెప్పి పంపారో వాళ్ళు తలుపు దాటి బయటికొచ్చే నడకలోనే తెలిసిపోయేది. నా వంతు వచ్చాక డాక్టరు నాతో కాక మా ఆయనతో చెప్పాడు. రొమ్ము తీసేయాలి, ఆ తర్వాత కరెంటు పెట్టాలి, అంటే రేడియేషన్ ఇవ్వాలి అని. మా ఆయన బయటికొచ్చి నా పక్కన కూర్చుని, సెలవు ఎన్ని రోజులు పెట్టాలో లెక్క వేయడం మొదలుపెట్టాడు. ఆయనకు భయమేస్తే పనుల సంగతి మాట్లాడతాడు. ఆ రోజు అది అర్థం కాక, ఆయనను రాయి అనుకున్నాను.

పాపను మా అమ్మ దగ్గర వదిలి అత్తమ్మ వచ్చింది. బూర్గంపాడు, మణుగూరు, భద్రాచలం, ఖమ్మం తప్ప వేరే ఊరు ఎరగని మనిషి. దవాఖానా ఆవరణలో వేపచెట్టు కింద కిరసనాయిలు స్టవ్వు పెట్టి నాకు గంజి కాచేది. వార్డులో పక్క మంచాల వాళ్ళకూ పోసేది. కట్టు విప్పాక నా ఛాతీ మొదట చూసింది మా ఆయన కాదు, అత్తమ్మే. గోరువెచ్చని నీళ్ళతో ఒళ్ళు తుడుస్తూ అక్కడికొచ్చి ఒక్క క్షణం ఆగింది. నేను కళ్ళు మూసుకున్నాను.

"పోతే పోయింది బిడ్డా," అంది. "దాని పని అయిపోయింది. పాలు తాగే పిల్ల బడికి పోతున్నది గదా." ఆ రోజు ఆమె ముఖం తిప్పుకుని ఉంటే నేను మళ్ళీ అద్దం చూసి ఉండేదాన్ని కాదు.

1985, వానాకాలం

బతికాను. కానీ జాకెట్టు వేసుకుంటే ఒక పక్క పల్లంగా ఉండేది. దూది కూరితే పైకి ఎగబాకేది, బరువు లేక ఆ భుజం లేచిపోయేది. అందుకని మల్లుగుడ్డతో చిన్న సంచి కుట్టి, అందులో జొన్నలు పోసి, దూది చుట్టి పెట్టుకునేదాన్ని. బరువు సరిగ్గా సరిపోయింది. నా తెలివికి నేనే మురిసిపోయాను. పేరంటాలకు కూడా వెళ్ళాను.

శ్రావణంలో వారం రోజులు విడవని ముసురు. గుడ్డలు ఆరక, చెమ్మగా ఉన్న జాకెట్లే వేసుకుంటున్నాం. ఒకరోజు ఏదో పులిసిన వాసన వస్తోందని సంచి తీసి చూస్తే, కుట్టులోంచి తెల్లగా మొలకలు బయటికొచ్చాయి. నేనూ అత్తమ్మా ఒకరినొకరం చూసుకున్నాం. "పంట మంచిగనే వచ్చింది," అంది ఆమె. ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం. నవ్వుతూ నవ్వుతూనే నాకు ఏడుపు ముంచుకొచ్చింది, ఎంతకీ ఆగలేదు. ఆమె ఆ సంచిని నా చేతిలోంచి తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది.

ఆ వారమే మా ఆయనతో చెప్పాను, మద్రాసులో ఆపరేషన్ చేసి ఒంట్లోనే పెట్టే సంచి ఉందట, నాకు కావాలి అని. అత్తమ్మకు ఇష్టం లేదు. "పోయిన జబ్బును మల్ల కోతపెట్టి పిలుసుడెందుకు?" అంది. నేను మొండికేస్తే, "నీ ఒళ్ళు, నీ ఇష్టం" అని ఊరుకుంది.

1986, జనవరి

మద్రాసు డాక్టరు సగం తెలుగు, సగం అరవం మాట్లాడే పెద్దాయన. బల్ల మీద రెండు రకాల సంచులు పెట్టాడు. ఒకటి లోపల ఉప్పునీళ్ళు నింపేది. ఇంకొకటి సిలికాన్ అనే చిక్కటి జిగురు నింపి తయారుగా వచ్చేది. పట్టి చూడమన్నాడు. నీళ్ళది పిసికితే లోపల కదిలింది. నడుస్తుంటే బిందె మోస్తున్న చప్పుడు వస్తుందేమోనని భయమేసింది. జిగురుది చల్లగా, మెత్తగా, అచ్చం ఒంటి భాగంలాగే చేతిలో ఒదిగింది. నేను అదే కావాలన్నాను. ఏది మంచిదో, ఎందుకు మంచిదో అడగలేదు. చీర కొన్నట్టు చేత్తో తడిమి ఎంచుకున్నాను.

"ఇది పగిలితే?" అని ఒక్కటే అడిగాను.

"పగలదమ్మా. నీ ఆయుసు ఉన్నన్నాళ్ళూ ఉంటుంది," అన్నాడు. ఆయన అబద్ధం చెప్పాడని ఇప్పటికీ అనుకోను. అప్పట్లో ఆయనకు తెలిసింది అదే అయి ఉంటుంది.

ఇంటికి పంపేటప్పుడు ఒక కార్డు ఇచ్చాడు. దాని మీద అంటించిన చీటీలో కంపెనీ పేరు, సైజు, ఏవో నంబర్లు. "దీన్ని రేషన్ కార్డు దాచుకున్నట్టు దాచుకోండి" అని మా ఆయనకు రెండుసార్లు చెప్పాడు. మా ఆయన దాన్ని ఫైల్లో పెట్టాడు, ఇంటికొచ్చాక ఫైలు బీరువాలో పెట్టాడు.

కుట్లు మానాయి. రెండు పక్కలా సమానంగా జాకెట్టు వేసుకుని అద్దం ముందు ఎంతసేపు నిలబడ్డానో. జానకి వచ్చి చూసి, "సినిమాల చేరుతవా ఏంది అక్కా?" అంది.

మార్చిలో అత్తమ్మ పొలం నుంచి వచ్చింది. వాళ్ళ ఊళ్ళో ఒక ఆచారం ఉంది. పెద్ద జబ్బు నుంచి మనిషి లేచాక, ఆ మంచం మీది దుప్పటీ, మందుల చీటీలు, దవాఖానా కాగితాలు అన్నీ పసుపు గుడ్డలో మూటగట్టి, రాయి కట్టి గోదాట్లో కలుపుతారు. "రోగం కాయితాలు ఇంట్ల ఉంటే అది మల్ల తోవ దొరకబట్టుకొని వస్తది బిడ్డా. జల్దీ కలిపేస్తే నా పానం నిమ్మలమైతది," అంది.

మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. బీరువా తీసి ఫైలు ఆమె చేతిలో పెట్టింది నేనే. కార్డు అందులో ఉందని నాకు తెలుసు. దాచుకోమన్న మాట కూడా గుర్తుంది. అయినా ఇచ్చాను. ఎందుకంటే నాకూ అవన్నీ ఇంట్లోంచి పోవాలనే ఉంది. ఈ సంగతి ఇక్కడే స్పష్టంగా రాస్తున్నాను, ఎందుకంటే తర్వాత నేను దీన్ని మరిచిపోయినట్టు నటించాను.

ఇద్దరం బస్సులో బూర్గంపాడు వెళ్ళి, ఊరి రేవులో మోకాలి లోతు నీళ్ళలో దిగాం. ఆమె ఏదో మొక్కుకుని మూట వదిలింది. "ఎనక్కి చూడకు, నడువు" అంది. నేను చూడలేదు. ఒడ్డెక్కేసరికి నా ఒళ్ళు దూదిలా తేలికైంది. విషయం తెలిశాక మా ఆయన, "ఇద్దరికిద్దరు సరిపోయిండ్రు" అని విసుక్కుని వదిలేశాడు. ఆ ఆగస్టులోనే గోదారికి మా ప్రాంతమంతా ఇప్పటికీ చెప్పుకునే వరద వచ్చింది. అత్తమ్మ వాళ్ళ ఊళ్ళో ఇళ్ళ పైకప్పులు కొట్టుకుపోయాయి. ఇసుక తిన్నెలే చోటు మారాయి.

1991 నుంచి 1992 దాకా

ఐదేళ్ళు హాయిగా గడిచాయి. ఆ తర్వాత ఎడమ పక్క మెల్లగా గట్టిపడింది. ముందు పండిన జామకాయలా, తర్వాత పచ్చి జామకాయలా. అటు తిరిగి పడుకోలేను. చెయ్యి పైకెత్తితే లాగుతుంది. జబ్బు తిరిగొచ్చిందని ఖాయం చేసుకుని, పాప పెళ్ళికి నేనుండనని లోపల్లోపల ఏడ్చుకుంటూ వంట చేసేదాన్ని. ఈసారి మాత్రం దాచలేదు, జానకికి వెంటనే చూపించాను.

అప్పుడే ఒక పొద్దున మా ఆయన పేపరు తెచ్చి నా ముందు పెట్టాడు. "అమెరికాల గీ సంచులు పెట్టుడు ఆపిచ్చిండ్రట. కొన్ని లోపల్నే చినిగి జిగురు కారుతున్నదని రాసిండ్రు," అన్నాడు. నాలుగు లైన్ల వార్త. దాన్ని ఎన్నిసార్లు చదివానో చెప్పలేను.

హైదరాబాదులో ఈసారి ఆడ డాక్టరు. ఓపికగా చూసింది. "గడ్డలా అనిపించడం లేదు. సంచి చుట్టూ గట్టిపడింది. కొన్ని పరీక్షలు చేద్దాం. ఏ కంపెనీదమ్మా? కార్డు ఉందా?" అని అడిగింది.

గోదాట్లో కలిపామని చెప్పాను. ఆమె నవ్వలేదు. కలం కింద పెట్టి, "సరే, మద్రాసుకు రాసి చూడండి. ఉంటే మంచిది," అంది.

ఉంటే మంచిది. ఆ మాటను నేను ఇంటికి తెచ్చేసరికి అది వేరే మాటైపోయింది. కార్డు ఉంటే నా లోపల ఉన్నది కారే రకమో కాదో తెలుస్తుంది, తెలిస్తే బతుకుతాను, లేకపోతే లేదు. అలా తీర్మానించుకున్నాను. మా ఆయన మద్రాసుకు ఉత్తరం రాశాడు. ఏప్రిల్లో జవాబు వచ్చింది. ఆ డాక్టరు అక్కడ లేరు, పాత రికార్డులు దొరకడం లేదు అని రెండు ముక్కలు.

అత్తమ్మ వాకిట్లో కూర్చుని ఎండు మిరపకాయల తొడిమలు తీస్తోంది. "ఏమొచ్చింది బిడ్డా?" అని తలెత్తింది.

"ఏముంది రావడానికి? ఆ కార్డు మీద నంబర్లున్నాయి. అవి ఉంటే నా లోపల ఏముందో తెలిసేది. అది గోదాట్లో ఉంది. మీరు కలిపింది కాగితాలను కాదు, నన్ను."

ఆమె చేతిలో మిరపకాయ అలాగే ఉండిపోయింది. "ఆ చీటీ గంత పనికొచ్చేదా?" అని మెల్లగా అడిగింది.

"నా ప్రాణమే అందులో ఉంది," అన్నాను.

బీరువా తీసి ఇచ్చింది నేనని ఆమె ఒక్క మాట అంటే నా నోరు మూతపడేది. ఆమె అనలేదు. "అవ్, నేనే కలిపిన," అని, మిగిలిన మిరపకాయల తొడిమలు తీసి, చేట కడిగి గోడకు ఆనించింది. మర్నాడు మొదటి బస్సుకు, కల్లం దగ్గర పనుందని చెప్పి ఊరికి వెళ్ళిపోయింది. నేను ఆపలేదు. కోపం తగ్గాక కబురు పెడదామనుకున్నాను.

1992, మే

మా వైపు మే నెల ఎండ గురించి కొత్తగా చెప్పేదేం లేదు. పన్నెండు దాటితే కుక్కలు కూడా రోడ్డు మీద కనబడవు. ఒక మధ్యాహ్నం గని ఆఫీసుకు ఫోను వచ్చిందని మా ఆయన పరుగెత్తుకొచ్చాడు. మేం వెళ్ళేసరికి అత్తమ్మను ఇంటి అరుగు మీద పడుకోబెట్టి ఉంచారు. పైన తడి గుడ్డ. వడదెబ్బ. గంట కిందటే ప్రాణం పోయింది.

రేవులో పడవ నడిపే సాయిలు ఆమెను మోసుకొచ్చాడు. గోడ పక్కన నిలబడి తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ చెప్పాడు. "నెల రోజులసంది పొద్దుగాల్నే వచ్చేది పెద్దమ్మ. నీళ్ళు తగ్గినయి గదా, ఇసుకల పుల్లతోని తవ్వుకుంట తిరిగేది. ఏం దేవులాడుతున్నవే అంటే, కోడలి చీటీ అన్నది. ఆరేండ్ల కిందట ఏసింది, గంత వరద పోయింది, యాడుంటది పెద్దమ్మా అన్న. రాయి గట్టి ఏసిన, యాడికి పోతది అన్నది. ఇయ్యాల ఎండెక్కినా వస్తలేదని పోయి చూస్తే తిన్నె మీద పడున్నది."

స్నానం చేయించడానికి చీర విప్పుతుంటే కొంగు ముడి బరువుగా ఉంది. విప్పాను. అన్నీ కాగితం ముక్కలు. ఎరువుల బస్తాకు కుట్టే చీటీ, బస్సు టికెట్లు, క్యాలెండరు చింపు, మందు బిళ్ళల రేకు, బీడీ కట్ట మీది కాగితం. కొన్ని తడిసి ఎండి పెళుసుగా ఉన్నాయి. ఆమెకు చదువు రాదు. నంబర్లున్నాయని నేనన్న మాట మాత్రం గుర్తుపెట్టుకుంది. ఇసుకలో నంబరు కనబడిన ప్రతి ముక్కనూ ఏరి, నా చేత చదివించాలని దాచింది.

నేను ఏడవలేకపోయాను. ఏడిచే హక్కు నాకుందని అనిపించలేదు. మా ఆయన అవి చూశాడు, నన్ను చూశాడు. ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

1992, ఆగస్టు

సంచి తీసేశారు. లోపల చినిగే ఉందట. కారిన జిగురంతా చుట్టూ గట్టిపడిన పొరలోనే ఆగి ఉంటే శుభ్రం చేశారు. పరీక్షకు పంపారు, పాత జబ్బు ఆనవాలు లేదన్నారు. జానకి సెలవు పెట్టి వచ్చి, అత్తమ్మ కూర్చునే చోట వేపచెట్టు కింద కూర్చుని గంజి కాచింది.

ఇంటికి పంపే రోజు డాక్టరమ్మను అడిగాను. "ఆ కార్డు దొరికి ఉంటే దీన్ని తీయకుండా ఉండేవారా?"

"లేదమ్మా. అంత గట్టిపడి, అంత నొప్పి ఉన్నాక ఏ కంపెనీదైనా తీయాల్సిందే. కార్డు ఉంటే రాసుకోవడానికి పనికొచ్చేది, అంతే," అంది.

నేను మంచం అంచు పట్టుకుని కూర్చున్నాను. డాక్టరమ్మది తప్పు కాదు. ఏప్రిల్లో ఈ ప్రశ్న అడిగి ఉంటే ఇదే జవాబు చెప్పేది. నేను అడగలేదు. ఇంటికెళ్ళి, మిరపకాయల తొడిమలు తీస్తున్న మనిషి మీద పడ్డాను.

ఇప్పుడు ఎడమ పక్క ఏమీ లేదు. పెళ్ళిళ్ళకు వెళ్ళాల్సొస్తే మెత్త పెట్టుకుంటాను, లేకపోతే అలాగే ఉంటాను. కాలనీలో ఎవరైనా ఆడవాళ్ళు ఆ సంచుల గురించి అడిగితే వద్దనీ చెప్పను, పెట్టించుకోమనీ చెప్పను. ఏది ఎందుకో డాక్టరును నోరు తెరిచి అడగమంటాను. గట్టిపడితే ఏం చేస్తారో ముందే కనుక్కోమంటాను. కార్డు దాచుకోమంటాను. భయమేసినప్పుడు ఇంట్లో వాళ్ళతో మాట్లాడొద్దని కూడా చెప్పాలనిపిస్తుంది, కానీ అది జరిగే పని కాదు.

అత్తమ్మ సంవత్సరీకానికి భద్రాచలం వెళ్ళినప్పుడు ఆమె కొంగు చింపి ఆ కాగితాలు కట్టి దాచిన మూటను కూడా మా ఆయన తెచ్చాడు. "గివి కూడా గోదాట్ల కలిపేద్దాం సుశీలా. ఇంట్ల ఎందుకు?" అన్నాడు. సరేనన్నాను. స్నానాల రేవులో మెట్టు మీద కూర్చుని మూట విప్పాను. ఆమె అవి ఏరింది నేను చదువుతానని. ఎవరూ చదవలేదు. అందుకని ఒక్కొక్కటీ తీసి, వినబడేలా చదివాను. ఎరువు బస్తా చీటీ, యాభై కిలోలు. "ఇది కాదు అత్తమ్మా." బస్సు టికెట్టు, పాల్వంచ నుంచి. "ఇదీ కాదు." క్యాలెండరు చింపు, పద్నాలుగు, పదిహేను, పదహారు. "ఇదీ కాదు అత్తమ్మా." మా ఆయన ముఖం అటు తిప్పుకున్నాడు. చివరి ముక్క దాకా చదివాను. తర్వాత అన్నీ మళ్ళీ ఆ కొంగు ముక్కలోనే కట్టి, నీళ్ళలో వేయకుండా ఇంటికి తెచ్చుకున్నాను.